బస్సెక్కిన హగణం

తెలుగు నోరు ఇంగ్లిషు మాటను ఉన్నదున్నట్టు తీసుకోదు. దానికీ ఒక లెక్క ఉంది. ఆ లెక్క బడికి వెళ్లని పిల్లలకూ తెలుసు.

ఆదోని బస్టాండులో కాసేపు చెవి ఒగ్గితే చాలు. బోర్డు మీద ‘ఎమ్మిగనూరు’ అని ఉంటుంది, నోట ‘యెమ్మిగనూరు’ అని పలుకుతుంది. ఒకరు ‘గూడూరుకు పోతాండా’ అంటే, ఇంకొకరు ‘ఆదోనికి పోతాండా’ అంటారు. ఒక ఊరికి ‘కు’, మరో ఊరికి ‘కి’. ముందున్న అచ్చు ఇకారమైతే ‘కి’, ఉకారమైతే ‘కు’. పదం మొదట్లో ఎ, ఏ ఉంటే వాటి ముందు సన్నగా ‘య’ తగులుతుంది. ఒ, ఓ ఉంటే ‘వ’ తగులుతుంది. పాత అచ్చు పుస్తకాల్లో యెక్కడ, వొకటి అనే రాతలు కనిపించేది ఇందుకే.

ఇవేవీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పినవి కావు.

రెండో ‘స’ ఎక్కడిది?

అన్నిటికన్నా ఆసక్తికరమైన సాక్ష్యం అందరూ ఎక్కే బస్సే. ఇంగ్లిషులో బస్ హల్లుతో ఆగిపోతుంది. తెలుగు అజంత భాష కాబట్టి చివర ఒక అచ్చు కోరుకుంటుంది, అలా ఉకారం చేరింది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. కానీ కారుకు ఒక్క ‘ర’ సరిపోయినప్పుడు బస్సుకు రెండు ‘స’లు ఎందుకు కావలసి వచ్చాయి? ఫోను, రైలు, ట్యూబు ఒక్క హల్లుతో సర్దుకుంటే కప్పు, పెన్ను, నట్టు, బిల్లు మాత్రం ద్విత్వం ఎందుకు తెచ్చుకున్నాయి? బల్బు, ట్యాంకు, బ్యాంకులకు ఆ అవసరం ఎందుకు రాలేదు?

జవాబు మన ఛందస్సులోనే ఉంది. దీర్ఘాచ్చు ఉన్న అక్షరం గురువు. సంయుక్తాక్షరానికో ద్విత్వాక్షరానికో ముందున్న అక్షరమూ, సున్న ఉన్న అక్షరమూ గురువులే. తక్కినవి తేలికైన లఘువులు. ఇప్పుడు గుర్తులు వేసి చూడండి. కారు: గురువు, లఘువు. బల్బు: గురువు, లఘువు. ట్యాంకు, ఫోను, రైలు: అవీ అంతే. ‘బసు’ అని వదిలేస్తే రెండూ లఘువులే అవుతాయి. ‘బస్సు’ అనగానే మొదటి అక్షరానికి బరువు వచ్చేస్తుంది.

బస్, కార్, బల్బ్ ఇంగ్లిషులో ఒక్క దెబ్బలో బరువుగా పడే మాటలు. తెలుగు నోరు చివర అచ్చు చేర్చినా ఆ బరువు జారిపోనివ్వదు. దీర్ఘమో, జంట హల్లో అప్పటికే ఉంటే దాన్నలాగే ఉంచుతుంది. లేకపోతే ద్విత్వం చేసి బరువు పుట్టిస్తుంది. రోడ్డుకు దీర్ఘమున్నా ద్విత్వం వచ్చింది కదా అనవచ్చు. లెక్క వేస్తే అక్కడా గురువు, లఘువే. టికెట్టు, మార్కెట్టు, ఆఫీసు పొడవైన మాటలే అయినా వాటి చివరి రెండక్షరాలూ ఇదే వరసలో ఉంటాయి. డాక్టరు, కండక్టరు, నంబరు వంటి ‘రు’ మాటలది మాత్రం వేరే దారి. ఇంగ్లిషులో వాటి చివరి అక్షరం తేలిగ్గా పడేదే కాబట్టి తెలుగులోనూ అది తేలిగ్గానే మిగిలింది.

గురువు పక్కన లఘువు వస్తే హగణం. తేటగీతిలో, ఆటవెలదిలో వచ్చే సూర్యగణాలు రెండింటిలో ఇదొకటి. పద్యం పేరెత్తని మనిషి కూడా కొత్త యంత్రం పేరును ఈ గణంలోనే పలుకుతున్నాడు.

చేర్చే అచ్చునూ చెవి ఎంచుకుంటుంది. చకారం, జకారం తర్వాత ఉకారం బదులు చాలాసార్లు ఇకారం వస్తుంది: స్విచ్చి, బెంచి, లాంచి, కాలేజి. చ, జ, ఇ మూడూ నాలుక అంగిలి వైపు లేచి పలికేవే. మన వ్యాకరణాలు కూడా వాటిని తాలవ్యాలని ఒకే గుంపులో పెట్టాయి.

స్విచ్చులు, లారీలు

ఆ మాటలకు బహువచనం చేసి చూడండి. స్విచ్చి–స్విచ్చులు, బెంచి–బెంచులు. లారీ మాత్రం లారీలే, కాఫీ కాఫీలే. కత్తి కత్తులైనట్టు హ్రస్వ ఇకారం ఉకారంగా మారింది. స్త్రీ స్త్రీలుగా నిలిచినట్టు దీర్ఘం నిలిచింది. ‘బెంచీ’ అని దీర్ఘం తీసేవాళ్లు ‘బెంచీలు’ అంటారు. వందల ఏళ్లుగా ఉన్న సూత్రం నిన్న మొన్న వచ్చిన మాటకూ తప్పకుండా వర్తిస్తోంది.

పిల్లలు మాటలను బట్టీ పట్టడం లేదనడానికి ప్రసిద్ధ రుజువు 1958లో అమెరికాలో దొరికింది. జీన్ బెర్కో అనే పరిశోధకురాలు పిల్లలకు ఒక వింత పక్షి లాంటి బొమ్మ చూపి, దాని పేరు ‘వగ్’ అని చెప్పారు. రెండు బొమ్మలు చూపగానే పిల్లలు దానికి సరైన బహువచనం చెప్పేశారు. అంతకుముందు ఎవరూ వినని మాట అది. పిల్లల దగ్గరున్నది సూత్రమే.

శబ్దాల ఎంపిక ఇంకా ముందే మొదలవుతుంది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ జరిపిన అధ్యయనంలో, ఇంగ్లిషు ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్లు హిందీలోని ట, తల తేడా పట్టారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఎక్కువమంది పట్టలేకపోయారు. పాట, పాత వేరని రోజూ వినే తెలుగు బిడ్డకు ఆ తేడా నిత్యావసరం.

మూడు భాషల నేల

విజయనగరం, బీజాపూరు, మొగలాయిలు, నిజాం, 1800లో దత్తమండలాలతో పాటు కుంఫిణీ: మనం మొదట చెవి ఒగ్గిన ఆదోనిని ఇంతమంది ఏలారు. మద్రాసు రాష్ట్రంలో బళ్లారి జిల్లాలో ఉన్న ఈ తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చి కర్నూలు జిల్లాలో చేరింది. కన్నడ, ఉర్దూ ఇక్కడ ఇరుగుపొరుగు భాషలు. పాత పేరు ఆదవానిలో ‘అవా’ కరిగి ‘ఓ’ అయి ఆదోని అయింది.

బాక్స్: ఎరడు పక్కన రెండు

కన్నడ ఎరడు, తెలుగు రెండు. ఒరళు, రోలు. బెరళు, వ్రేలు. బరె, వ్రాయు. మర, మ్రాను. పాత ద్రావిడ మాటల్లో అచ్చు తర్వాత ఉండే ర, ల వంటి ధ్వనులు తెలుగులో ముందుకు జరిగాయి. ఆ తర్వాత వ్రేలు వేలైంది, వ్రాయు రాయు అయింది. ఈ జరుగుడు తెలుగు, గోండి, కువి, కొండ వంటి భాషల్లో ఒక్కో మాట చొప్పున పాకిందని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1978లో ‘లాంగ్వేజ్’ పత్రికలో చూపించారు.

బాక్స్: ఇంట్లో చేసి చూడండి

నాలుగైదేళ్ల పిల్లలకు రెండు వింత బొమ్మలు గీసి ఇవ్వండి. ఒకటి ‘మిబ్బి’, రెండోది ‘లూమీ’. ‘ఇవి చాలా ఉంటే ఏమంటావు?’ అని అడగండి. సూత్రం ప్రకారం మిబ్బులు, లూమీలు రావాలి.

తప్పు కాదు

ఇంత పని నోటితో చేసే పిల్లలు ‘ఇస్కూలు’, ‘ఇస్టేషను’ అనగానే పెద్దలు సరిదిద్దుతారు. ‘వచ్చాడు’ అనకుండా ‘వచ్చినాడు’ అంటే పల్లె మాట అంటారు. పదం మొదటి జంట హల్లుకు ముందు ఇకారం చేర్చడం బస్సుకు ఉకారం చేర్చినంత క్రమమైన పనే. ‘వచ్చినాడు’లో, కోస్తా మాటలో కుదించుకుపోయిన పాత ‘ఇనా’ నిలిచి ఉంది. రెండూ తెలుగే. ఒకటి తెలివి, ఇంకొకటి తెలివితక్కువ అనడానికి ఆధారం లేదు.

కృష్ణమూర్తి సారథ్యంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, 1962లో, వ్యవసాయం మీద. రెండోది 1971లో, చేనేత మీద. జనం నోట ఉన్నది ఉన్నట్టు విని రాసుకోవడమే ఆ పని. ఎమ్మిగనూరు, ఆదోని, గూడూరు బడుల్లో ఉపాధ్యాయులు ఈ ఏడాది తమ పిల్లల చేత ఇంట్లో పెద్దల మాటలు ఫోనులో రికార్డు చేయించాలి. దిద్దడానికి ముందు ఒకసారి వినాలి.