వాడని క్రెడిట్ కార్డు వలన పరపతికి నష్టమున్నదా?

మన చేనేతవారి నోట "పరపతి" అను మాటకు రెండర్థములున్నవి. అప్పు పుట్టుట ఒకటి. ఊరిలో మాట చెల్లుట రెండవది. నూలు షావుకారు చిలపలను అరువిచ్చునపుడు రెండవ దానిని చూచియే మొదటి దానిని ఇచ్చెడివాడు. క్రిందటి పండుగకు తీసికొన్న పట్టు బాకీ గడువులో చెల్లినదా లేదా అన్నది అతని చిట్టాలో ఉండెడిది. నేడు బ్యాంకులకు కూడ అటువంటి చిట్టా ఉన్నది. అది ఒక్క షావుకారు చిట్టా కాదు. అప్పు అడిగినపుడు ఏ బ్యాంకైనను తెప్పించి చూడగల చిట్టా. అందులోని బాకీల నడకను లెక్కగట్టి 300 మొదలు 900 వరకు ఒక అంకె వేయుదురు. దానినే క్రెడిట్ స్కోరు అందురు; వాడుకలో "సిబిల్" అందురు.

ఇది మగ్గము ముందు కూర్చున్నవారికి ఎందుకని కొందరు అడుగవచ్చును. బెంగుళూరు తూర్పున, ఔటర్ రింగు రోడ్డు మీద నున్న మారతహళ్ళిని చూచినచో సమాధానము దొరకును. కంప్యూటరు కంపెనీలలో పని చేయు తెలుగు యువతీయువకులు అచ్చట హాస్టళ్ళలోను, అద్దె గదులలోను చాలమంది ఉన్నారు. మగ్గాల ఇండ్లలో పుట్టి చదువుకొన్న మన బిడ్డలును వారిలో ఉన్నారు. ఉద్యోగమున చేరగానే జీతపు ఖాతాతో పాటు ఒక కార్డు వచ్చును. దుకాణములో తగ్గింపు ధర కొరకు మరియొకటి తీసికొందురు. ఫోనులో ఎవరో బతిమాలగా మూడవది చేరును. కొన్నాళ్ళకు వాడేది ఒకటి, పెట్టె అడుగున పడియుండేవి రెండు.

ఇంటివద్ద తండ్రి జకార్డు మార్చవలెనన్నను, మగ్గాల షెడ్డు వేయవలెనన్నను, ఇల్లు కట్టవలెనన్నను బ్యాంకు అప్పు కావలసి వచ్చును. అపుడు జీతము గల కొడుకునో కూతురునో సహ ఋణగ్రహీతగా సంతకము పెట్టుమందురు. బ్యాంకువారు ఆ బిడ్డ చిట్టాను తెరచి చూతురు. పెట్టెలో పడియున్న కార్డుల సంగతి అపుడు పైకి వచ్చును. కనుక ఇది మారతహళ్ళి గదిలోని సంగతి మాత్రమే కాదు. ఊరిలోని మగ్గమునకు సంబంధించినది కూడ.

ఊరకున్న కార్డు చేయు మేలు

వాడనంత మాత్రమున కార్డు స్కోరును తగ్గించదు. ఈ మాట ముందుగా తెలిసికొనవలెను. బాకీ లేక ఊరకున్న కార్డు కొంత మేలే చేయును. ఒక లెక్క చూతము.

ఒక యువకునికి మూడు కార్డులున్నవనుకొందము. మొదటి దాని పరిమితి 1,00,000 రూపాయలు, రెండవది 60,000, మూడవది 40,000. మొత్తము 2,00,000. అతడు నెలకు 50,000 రూపాయలు మొదటి కార్డు మీదనే వాడును. మొత్తము పరిమితిలో ఇది నూటికి 25 వంతులు. ఇపుడు మిగిలిన రెండు కార్డులను రద్దు చేసినచో పరిమితి 1,00,000కు దిగును. ఖర్చు పెరుగలేదు, అయినను వాడుక నూటికి 50 అగును. ఈ మనిషి అప్పు మీద ఎక్కువగా ఆధారపడుచున్నాడని లెక్క తోచి స్కోరు తగ్గవచ్చును. వాడుక నూటికి 30 దాటకుండ చూచుకొనుట మంచిదని ఈ రంగమువారు సాధారణముగా చెప్పుదురు.

రెండవ మేలు వయస్సు. ఎంతకాలముగా బాకీలు సక్రమముగా చెల్లుచున్నవన్నది కూడ లెక్కలోనికి వచ్చును. కనుక అన్నిటికంటె పాత కార్డును తొందరపడి రద్దు చేయరాదు.

నష్టము వచ్చు దారులు

మొదటిది సంవత్సరపు రుసుము. కార్డు వాడినను వాడకున్నను రుసుము పడు కార్డులున్నవి. 500 రూపాయల రుసుమునకు నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. చేరి 590 అగును. అది కట్టనిచో ఆలస్యపు రుసుము చేరవచ్చును. ఒక్క వస్తువైనను కొనకుండగనే బాకీదారుడని చిట్టాలో పడును. గడువు మీరి ఎన్ని దినములైనదో నెలవారీగా అందులో కనబడును. స్కోరును దెబ్బతీయు వానిలో గడువు తప్పుట ముఖ్యమైనది. అప్పు పెద్దదా చిన్నదా అన్నది తరువాతి మాట.

ఈ పొరపాటు మారతహళ్ళి వంటి చోట్ల జరుగుట సులభము. పిల్లలు తరచుగా గది మారుదురు, ఫోను నంబరు మార్చుదురు. కార్డు లెక్క పాత చిరునామాకో పాత నంబరుకో పోవును. ఉద్యోగము మారినపుడు జీతపు ఖాతా మారును. పాత ఖాతా నుండి దానంతట అదే చెల్లునట్లు ఏర్పాటు చేసియున్నచో, ఆ ఖాతాలో సొమ్ము లేక చెల్లింపు ఆగును. సంగతి తెలియుసరికి నెలలు గడచును.

రెండవది మోసము. చూడని కార్డు మీద ఎవరైనను సొమ్ము వాడినచో వెంటనే తెలియదు. మూడవది, బ్యాంకే కార్డును మూసివేయుట. అపుడు పైన చెప్పిన లెక్క వలెనే పరిమితి తగ్గును.

రిజర్వు బ్యాంకు నియమములు

2022 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు కార్డుల గూర్చి విపులమైన ఆదేశములిచ్చినది. వానిలో మనకు కావలసినవి ఇవి. ఏడాదికి మించి వాడని కార్డును మూయుటకు బ్యాంకు పూనుకొనవలెను. అయితే ముందుగా కార్డుదారునికి తెలుపవలెను. 30 దినములలో జవాబు రానిచో, బాకీలు తీరియున్నచో, మూసివేయవచ్చును. కార్డుదారుడే మూయుమని కోరినచో, బాకీ లేనపుడు ఏడు పనిదినములలో మూయవలెను. ఆలస్యమైనచో రోజుకు 500 రూపాయల చొప్పున అతనికి చెల్లించవలెను. కోరని కార్డును అంటగట్టరాదు. కార్డును వాడుకలోనికి తేకమునుపు ఆ ఖాతాను చిట్టా సంస్థలకు తెలుపరాదు.

ఆ చిట్టా సంస్థలు మన దేశమున నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. 2005 నాటి చట్టము వీనికి ఆధారము. ఒక్కొక్క సంస్థ నుండి ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితముగా పొందు హక్కు ప్రతివారికిని ఉన్నది. నివేదికలో తప్పున్నచో ఫిర్యాదు చేయవచ్చును. 30 దినములలో సరిచేయనిచో, ఆపైన రోజుకు 100 రూపాయల పరిహారము ఇవ్వవలెనని 2023లో రిజర్వు బ్యాంకు నిర్ణయించినది. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. విచారించుటకు ఫోను నంబరు 14448.

మన కుటుంబములు చేయవలసినవి

ఒకటి: పిల్లలు తమ కార్డులన్నిటిని ఒకచోట పెట్టి, ఏ దానికి రుసుమున్నది, ఏ దానికి లేదు అని వ్రాసుకొనవలెను. రుసుము లేని పాత కార్డును ఉంచుకొనవచ్చును. రెండు మూడు నెలలకొకసారి దాని మీద చిన్న కొనుగోలు చేసి గడువులో పూర్తిగా కట్టినచో అది సజీవముగా నుండును.

రెండు: రుసుము గల కార్డు అక్కరలేనిచో రుసుము లేని రకమునకు మార్చుమని బ్యాంకును అడుగవలెను. కాదన్నచో మిగిలిన పైసలతో సహా బాకీ తీర్చి, మూయుమని వ్రాతపూర్వకముగా కోరి, మూసినట్లు జవాబు తీసికొని దాచవలెను. కార్డును కత్తెరతో కోసినంత మాత్రమున ఖాతా మూతపడదు.

మూడు: బాకీ ఉన్నపుడు "కొంత కట్టండి, మిగిలినది వదలుకొందుము" అను మాటకు తొందరపడి ఒప్పుకొనరాదు. అట్టి ఖాతా పూర్తిగా చెల్లినట్లుగాక రాజీ పడినట్లు చిట్టాకెక్కును. తరువాత అప్పు అడిగినపుడు అది అడ్డుపడును.

నాలుగు: ఇంటికి పెద్ద అప్పు కావలసియున్నచో, దానికి కొన్ని నెలల ముందు కార్డులు రద్దు చేయుట గాని, క్రొత్తవి కోరుట గాని మంచిది కాదు. ముందుగా నివేదిక తెప్పించి చూడవలెను. తప్పులున్న దిద్దించుకొనుటకు వ్యవధి యుండును.

ఐదు: చేనేతవారికి లోగడ ఇచ్చిన వీవర్ క్రెడిట్ కార్డు వేరు, ఈ కార్డు వేరు. అది మగ్గము పెట్టుబడికి ఇచ్చిన బ్యాంకు అప్పు. అయినను అదియు అప్పే గనుక, పాత ఖాతా మిగిలియున్నచో బ్యాంకుకు వెళ్ళి దాని స్థితి తెలిసికొనవలెను.

ఎన్నడును బ్యాంకు అప్పు తీసికొనని పెద్దలు తమకు స్కోరు లేదని దిగులు పడనక్కరలేదు. మొదటిసారి అప్పు అడుగువారిని పూర్వపు చిట్టా లేదను ఒక్క కారణముతో త్రోసిపుచ్చరాదని 2025 జనవరి నాటి రిజర్వు బ్యాంకు ఆదేశములలో సూచించబడినది. అప్పు ఇచ్చుటకు ఇంత స్కోరు ఉండి తీరవలెనని రిజర్వు బ్యాంకు నిర్ణయించలేదు. ప్రతి బ్యాంకు తన పద్ధతిని తాను ఏర్పరచుకొనును. కనుక ఒక బ్యాంకు కాదన్నచో కారణమడిగి తెలిసికొనవలెను.

దసరాకో సంక్రాంతికో బిడ్డలు బెంగుళూరు నుండి వచ్చినపుడు జీతమెంతని అందరును అడుగుదురు. ఈమారు కార్డులెన్ని, రుసుములెంత, బిల్లు వచ్చు ఫోను నంబరు ఏది అని కూడ అడుగవలెను. ఆ నివేదికను ఇంటిల్లిపాది కూర్చుండి ఒకసారి చదువుకొనుట మంచిది.