కరవది సన్నాయి, కర్నూలు కాగితం

‘గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పిల్లకి సంగీతంలో పట్టా కావాలంటే ఎక్కడ చేర్చాలి? చిన్న ప్రైవేటు కాలేజీలు ఏం నేర్పుతాయి? గురువారం సాయంత్రానికి కథనం నా టేబుల్ మీద ఉండాలి.’ ఎడిటర్‌గారు చెప్పింది ఇంతే. ఈఏపీసెట్ ర్యాంకుల హోర్డింగుల కింద సరళీ వరసల కోసం వెతకడం ఎంత కష్టమో ఆయనకీ తెలుసు. నేను మాత్రం ఒంగోలు పక్కన కరవది దగ్గరే ఆగిపోయాను.

ఆ ఊళ్లో పుట్టిన షేక్ చినమౌలానా మొదట తండ్రి దగ్గర, ఆ తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర సన్నాయి నేర్చారు. ఆ విద్యతో పెళ్లిళ్లకూ గుడి ఉత్సవాలకూ వెళ్తూ బతికేయొచ్చు. ఆయనకు తంజావూరు బాణీ మీద మనసుపడింది. తమిళనాడులోని నాచ్చియార్‌కోయిల్ వెళ్లి రాజం, దురైకన్ను సోదరులకు శిష్యుడయ్యారు. చేతికొచ్చిన విద్యను పక్కనపెట్టి మళ్లీ మొదటి బెంచీలో కూర్చోవడం ఏ సిలబస్‌లోనూ ఉండదు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, 1982లో అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి వచ్చాయి. మరుసటి ఏడాది కన్నుమూశారు. ఎడిటర్‌గారు అడిగిన చిన్న ప్రైవేటు కాలేజీ ఒకటుందంటే, నా లెక్కలో అదే. మన మిరప పొలాల మనిషి కావేరి ఒడ్డున పెట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. సన్నాయిలో వేళ్లాడేవి ఏడు రంధ్రాలు. కింద మరో ఐదు ఉంటాయి. శ్రుతి సరిచేసుకోవడానికి వాటిలో కావలసినవాటిని మైనంతో మూస్తారు. స్వరస్థానాల మధ్య నడిచే గమకమంతా వేళ్ల వల్లే రాదు. పెదవి పట్టు, ఊపిరి ఒత్తిడి, రంధ్రాన్ని ఎంతవరకు మూశారన్నది, ఈ మూడూ కలిస్తేనే తోడి రాగం తోడిలా వినిపిస్తుంది. నోట్లో పెట్టుకునే పీక తడి చూసుకోవాలి, కొత్త పీకను మచ్చిక చేసుకోవాలి. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో పిల్లవాడి పెదవి అలవాటు పడేలోపే గంట కొట్టేస్తారు. అందుకే ఈ విద్య ఇళ్లలో పెరిగింది. మేళంలో ముందు శ్రుతి పట్టడం, తర్వాత గురువు పక్కన రెండో సన్నాయి, ఎప్పటికో సొంత ఆలాపన. ఏ మెట్టు దగ్గరా మార్కుల జాబితా చేతికివ్వరు. పత్తి ఏకడం వృత్తిగా ఉన్న దూదేకుల కుటుంబాలు ఎన్నో ఈ వాద్యాన్ని తరతరాలుగా పట్టుకున్నాయి. గుడి మేళంలో ముస్లింలు త్యాగరాజ కృతి వాయించడం మీద ‘మతసామరస్యం’ అని శీర్షిక పెట్టేస్తే నా పని తేలికయ్యేది. నాకు వాళ్ల పొద్దుటి సాధన ముఖ్యం.

అలాగని పట్టాను తీసిపారేయలేను. కచేరీకి పిలిచేవాడు చెవితో వింటాడు, ఉద్యోగమిచ్చేవాడు కాగితం అడుగుతాడు. ప్రకాశం జిల్లా సన్నాయి కుటుంబాల నుంచే వచ్చిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు కర్నూలు శారదా సంగీత కళాశాలలో చదివారు, ఆపైన చినమౌలానాకు శిష్యులయ్యారు. అటు తరగతి గది, ఇటు గురువు ఇల్లు. ఆ వరసే నాకు సబబనిపిస్తుంది. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు, అదీ తమిళనాడు జాబితాలో! మనం గర్వపడటానికి తొందరపడతాం గాని, వాళ్లు శ్రీరంగంలో ఎందుకు ఉండిపోయారని అడగం. అక్కడ సన్నాయి కచేరీ వేదిక మీద కూర్చుంటుంది. ఇక్కడ పెళ్లిపందిరి మూలన, డీజే బాక్సుల వెనక నిలబడుతుంది.

సంగీత కళాశాలల చరిత్ర ఒక్క గుక్కలో చెప్పేస్తాను, జాగా లేదు. 1919లో విజయనగరంలో రాజావారు సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల అక్కడే వారాలు, మధూకరం చేసుకుంటూ చదివారు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ బాలమురళీకృష్ణ. బడి చదువు పెద్దగా లేని మనిషి నడిపిన ఆ కాలేజీకి, పట్టా పుచ్చుకున్న ఘంటసాల పేరు పెట్టుకున్నాం.

చేరాలనుకునేవారికి

ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు. సరళీ, జంట వరసలు, అలంకారాలు, గీతాలతో మొదలై, వర్ణాలు, కృతుల మీదుగా మనోధర్మం దాకా వెళ్లాలి. గుంటూరు వాళ్లకు దగ్గరిది విజయవాడ. సన్నాయి, డోలుకు తిరుపతిలో టీటీడీ ప్రత్యేక పాఠశాల ఉంది. ఆడపిల్లలకు తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీతం ఉంది. ప్రైవేటు కాలేజీ అయితే రెండు ప్రశ్నలు అడగండి: పరీక్ష ఎవరు పెడతారు, పట్టా మీద ఎవరి ముద్ర ఉంటుంది? గాత్రం నేర్చే పిల్లలకు గది చూసేటప్పుడు మిర్చి యార్డుకు దూరంగా చూడండి. సీజన్‌లో ఆ ఘాటుకు దగ్గు ఆగదు. ఫీజు సంగతికొస్తే, మిరపకాయ కోసి అమ్మేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా, కాలేజీ డబ్బు కట్టమనేది జూన్‌లో. రైతు ఇంట్లో ఆ డబ్బు అప్పటిదాకా నిలవదు. వాయిదాల మాట చేరేటప్పుడే తేల్చుకోండి.