వెనక వచ్చేవాళ్లకూ నీళ్లు మిగలాలి

చలికాలం వచ్చిందంటే గల్ఫ్‌లో పరుగుల సీజన్ మొదలైనట్టే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కడో ఒకచోట రన్ జరుగుతూనే ఉంటుంది. కొన్ని కంపెనీలు క్యాంపుల నుంచి బస్సులు కూడా వేస్తాయి. ఆఫీసులో పేర్లు రాసుకునే గుమాస్తాలం కాబట్టి మాకు తరచుగా వినపడే మాట ఒకటుంది: "మనవల్ల కాదులే అన్నా, ఆఖర్న వస్తే అందరూ నవ్వుతారు." ఈ మాట అనేది బద్ధకస్తులు కాదు. వారానికి ఆరు రోజులు సైటులో ఇనుము మోసేవాళ్లు, నలభై దాటినవాళ్లు, షుగరు, బీపీ ఉండి నడక అవసరమైనవాళ్లు.

అసలు ఆఖర్న వచ్చినవాడు తక్కువ కష్టపడ్డాడా? లెక్క వేసి చూద్దాం. పది కిలోమీటర్ల రన్‌లో ముందున్నవాడు గంటలోపే ముగించి నీడలో కూర్చుంటాడు. నడుస్తూ వచ్చేవాడికి రెండు గంటలు పడుతుంది. దూరం ఒకటే, ఎండలో ఉన్న సమయం మాత్రం రెట్టింపు. నీళ్లు ఎక్కువ కావలసింది అతనికే. కానీ చాలాచోట్ల అతను వచ్చేసరికి నీళ్ల బల్లలు ఎత్తేస్తారు, అరటిపళ్లు అయిపోతాయి, ఫోటో తీసేవాడు వెళ్లిపోతాడు. అవసరం ఎక్కువున్నవాడికే అందేది తక్కువ. మా అభ్యంతరమల్లా ఇదే.

నిర్వాహకుల ఇబ్బందీ చెప్పుకోవాలి. రోడ్డు మూస్తే ఎప్పుడో ఒకప్పుడు తెరవాలి. పోలీసులు, అంబులెన్సు, వాలంటీర్లు రోజంతా నిలబడలేరు. అందుకే గడువు పెడతారు. 42.195 కిలోమీటర్ల మారథాన్‌కు ఆరు గంటల గడువంటే గంటకు ఏడు కిలోమీటర్లు పోవాలి. నడిచేవాళ్లకు అది సాధ్యం కాదు. ఎనిమిది గంటలిస్తే గంటకు ఐదున్నర కిలోమీటర్ల లోపే, చురుగ్గా నడిచినా సరిపోతుంది. గడువు పెట్టడం తప్పు కాదు. ఎంతో ముందే చెప్పాలి, చెప్పినంతసేపూ నీళ్లు ఉంచాలి.

ఇది పెద్ద పెద్ద ఊళ్లలోనూ తప్పిపోయిన సంగతే. 2019 లండన్ మారథాన్‌లో ఏడున్నర గంటల్లో ముగించేలా వెనక నడిచినవాళ్లను, రోడ్డు శుభ్రం చేసే కాంట్రాక్టు మనుషులు ఎగతాళి చేశారని పెద్ద గొడవ అయింది. నీళ్ల బల్లలు అప్పటికే తీసేశారనీ ఫిర్యాదులు వచ్చాయి. నిర్వాహకులు క్షమాపణ చెప్పారు. ఆ తర్వాత ఎనిమిది గంటల నడకతో అందరికంటే వెనక వచ్చే వాలంటీర్ల జట్టును పెట్టాలని నిర్ణయించారు.

ఇలాంటి ఏర్పాటు పార్క్‌రన్‌లో ఉంది. 2004 అక్టోబరులో లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో మొదలైన ఈ ఐదు కిలోమీటర్ల శనివారం రన్ ఇప్పుడు 20కి పైగా దేశాల్లో నడుస్తోంది. ఫీజు లేదు, గడువు లేదు. అందరికంటే వెనక ఒక వాలంటీరు నడుస్తాడు. ఆఖరి స్థానం అతనిదే కాబట్టి వచ్చినవాళ్లలో ఎవరూ ఆఖరివాళ్లు కారు. ఖర్చు లేని ఉపాయం, ఏ క్యాంపులోనైనా చేయవచ్చు.

మన దగ్గరా మంచి ఉదాహరణ ఉంది. 2019లో మొదలైన దుబాయ్ రన్‌లో షేక్ జాయేద్ రోడ్డు మీద వాహనాలు ఆపి, 5, 10 కిలోమీటర్ల దారుల్లో ఉచితంగా జనాన్ని పోనిస్తారు. 2024లో సుమారు 2,78,000 మంది పాల్గొన్నారు. పరుగెత్తినవాళ్లు, నడిచినవాళ్లు, పిల్లల బండి తోసుకుంటూ వచ్చినవాళ్లు, అందరూ అందులో ఉన్నారు.

అయితే జనం లెక్క పెరిగినంత మాత్రాన అందరినీ కలుపుకున్నట్టు కాదు. 2015 మార్చిలో ఖతార్‌లో 50,000 మందితో గిన్నిస్ రికార్డు కోసం హాఫ్ మారథాన్ పెట్టారు. కార్మికులను బస్సుల్లో తెచ్చారని, కొందరు జీన్స్ ప్యాంట్లు, చెప్పులతో ఎండలో పరుగెత్తారని, మధ్యలో వెళ్లిపోబోయినవాళ్లను వెనక్కి పంపారని అప్పట్లో పత్రికలు రాశాయి. మనిషిని పిలవడమంటే తలల లెక్క కోసం నిలబెట్టడం కాదు. రాను అనే హక్కు, మధ్యలో ఆగే హక్కు, మెల్లగా నడిచే హక్కు కూడా ఇవ్వాలి.

అందుకని క్యాంపుల్లో రన్ పెట్టే సోదరులకు కొన్ని మనవులు. నీళ్ల సీసాల్లో కొన్ని పెట్టెలు వెనక వచ్చేవాళ్ల కోసమని విడిగా ఉంచండి. అందరి వెనక నడవడానికి ఒక మనిషిని పెట్టండి. గడువును తుపాకీ పేలినప్పటి నుంచి కాక, ఆఖరి మనిషి గీత దాటినప్పటి నుంచి లెక్కించండి. వేలమంది ఉన్నచోట వెనక నిలబడ్డవాడికి గీత చేరడానికే చాలా నిమిషాలు పడుతుంది. ఆఖరి మనిషి వచ్చేదాకా బస్సు కదలనివ్వకండి. మెడల్ ఇస్తే అందరికీ ఇవ్వండి, మొదటి ముగ్గురికి బహుమతి ఎలాగూ ఉంటుంది.

పేరు ఇవ్వడానికి వెనకాడే అన్నలకు, తమ్ముళ్లకు ఒక మాట. ముందు గడువు ఎంతో అడగండి. నడిచేవాళ్లు వెనక వరుసలో నిలబడితే తోపులాట ఉండదు. షుగరు, బీపీ ఉంటే ముందు డాక్టరును అడిగి రండి. చెప్పులతో పరుగు వద్దు, బూట్లు లేకపోతే దగ్గర దూరం నడవండి. ఆయాసం వస్తే ఆగండి, ఆగడం ఓటమి కాదు.

ఇక ముందు చేరినవాళ్లకు: తినేసి వెంటనే బస్సు ఎక్కకండి. గీత దగ్గర ఇంకాసేపు నిలబడి, నడిచి వచ్చేవాళ్లకు చప్పట్లు కొట్టండి. వాళ్లలో మీ రూములో పై మంచం మీద పడుకునే పెద్దాయన కూడా ఉండవచ్చు.