దేవుని రోషము

అరిషడ్వర్గమున మాత్సర్యము కడపటిది. మానవుడే విడువవలసిన ఆ గుణము దేవునికి గలదని బైబిలు చెప్పుట యెట్లు? 1879లో హనుమకొండలో బాప్తిస్టు మిషను వెలసినది మొదలు ఓరుగల్లు సీమలో పది ఆజ్ఞలు విన్నవారిలో కొందరికైనను ఈ సందేహము కలిగియే యుండును.

తెలుగు బైబిలు ఇచ్చట అసూయ అనక రోషము అన్నది. అసూయ పరుల కలిమికి ఓర్వలేనితనము. రోషము తనవారిని పోగొట్టుకొన నొల్లనితనము. హెబ్రీ ధాతువునకు రెండర్థములును గలవు. కాని ఆ ఆజ్ఞలోని విశేషణమును పాత నిబంధన దేవునికే తప్ప మానవునికి వాడలేదు.

ఐగుప్తు దాస్యమునుండి విడిపించిన జనముతో దేవుడు సీనాయివద్ద నిబంధన చేసెను. హోషేయ ప్రవక్త దానిని దాంపత్యముతో పోల్చెను. ఆలి విడిచిపోయినను చీమకుట్టినట్లైన లేని మగనికి ప్రేమ యున్నదందుమా? అయితే మానవుని రోషము తరచుగా కొట్టును, వెళ్లగొట్టును. హోషేయయో, వెండియు యవలును ఇచ్చి ఆమెను మరల తెచ్చుకొనెను.

నిర్గమకాండము 34వ అధ్యాయమున దేవుడు కనికరముగలవాడని 6వ వచనము చెప్పగా, రోషముగలవాడని 14వ వచనము చెప్పుచున్నది. ఈ రెండును ఒక్క ప్రేమకే రెండు ముఖములు.

ఆ ఆజ్ఞ నిబంధన చేసికొన్న జనమునకు విశ్వాసము తప్పవలదని చేసిన హెచ్చరిక. ఇరుగుపొరుగును ద్వేషించుటకు ఇచ్చిన సనదు గాదు. దీనిని మరచినచో దేవుని రోషమను పేర మనము మన మాత్సర్యమునే పూజించినవారమగుదుము.