ఎసట్లో పోయకముందే దేవుని గుప్పెడు

డోర్నకల్: పొయ్యి మీద ఎసరు కాగుతుండగా ఇల్లాలు ఆ పూటకు బియ్యం కొలుస్తుంది. కడగకముందే అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అది దేవుని బియ్యం. ఆదివారం నాడు గుడికి చేరుతుంది. డోర్నకల్ పరిసర పల్లెల్లోని క్రైస్తవ కుటుంబాలకు ఈ ఆచారం తాతల నాటిది.

రూపాయల్లో లెక్కిస్తే ఆ గుప్పెడు విలువ ఏమంత కాదు. అయితే అది తిన్నాక మిగిలినది కాదు, తినకముందే తీసినది. దేవునికి మొదటి స్థానం ఇవ్వడమంటే ఏమిటో అక్షరం రాని ఇల్లాలికి కూడా అర్థమయ్యేలా చెప్పిన పాఠం ఇదే.

బిషప్ అజరయ్య బాట

ఈ పాఠాన్ని ఇక్కడి పల్లెల్లో నాటిన వారిలో ముఖ్యులు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తమిళదేశంలోని తిరునెల్వేలి సీమలో పుట్టిన ఆయన 1909లో డోర్నకల్ ప్రాంతానికి వచ్చి, తెలుగు నేర్చుకుని ఇక్కడివారితో కలిసిపోయారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఆయన కాలంలో సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ వాడలవారు. కూలి దొరికితేనే కూడు. అటువంటివారిని కానుక అడగడం న్యాయమా అన్న ప్రశ్న రాకపోదు. అయితే పేదవాడికీ ఇచ్చే చేయి ఉందని, పరదేశపు సొమ్ము మీదనే నడిచే సంఘం తన కాళ్ళ మీద నిలబడలేదని అజరయ్య నమ్మారు. డబ్బు లేనివారు బియ్యం ఇచ్చారు, కోడిని ఇచ్చారు, పెరట్లో కాసిన కాయ ఇచ్చారు. పంట ఇంటికి వచ్చాక కోత పండుగనాడు తొలి పంటను గుడికి తెచ్చి వేలం వేయడం నేటికీ అనేక సంఘాల్లో ఉంది. డోర్నకల్‌లో 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథడ్రల్ హిందూ, ముస్లిం శిల్పరీతులు కలగలిసిన కట్టడం.

దూరాన ఉన్న మిజోరంలో కూడా క్రైస్తవ స్త్రీలు 1910 నుంచి ఇలాగే ప్రతి వంటలోనూ గుప్పెడు బియ్యం తీసి సంఘాన్ని పోషిస్తూ వస్తున్నారు.

మొదటిదే ఎందుకు?

బైబిలులో సారెపతు ఊరి విధవరాలి కథ ఉంది. కరవు కాలం. కుండలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె మాత్రమే మిగిలాయి. కొడుకుతో కలిసి ఆఖరి రొట్టె తిని చనిపోదామని ఆమె పుల్లలు ఏరుకుంటోంది. ఏలీయా ప్రవక్త వచ్చి ముందు తనకు ఒక రొట్టె చేయమన్నాడు. ఆమె చేసింది. కరవు తీరేదాకా పిండి తరగలేదు, నూనె అయిపోలేదు.

మిగిలినది ఇవ్వడానికి నమ్మకం అక్కరలేదు, మిగులు ఉంటే చాలు. రేపటికి ఉంటుందో లేదో తెలియనప్పుడు మొదటిది తీసి ఇవ్వాలంటేనే నమ్మకం కావాలి. ఇక గుప్పెడు అన్నది కొలమానం కాదు. ఎవరి చేయి వారిది.

చేతులు ముడుచుకోవడం కాదు

దేవుణ్ణి నమ్మడమంటే పని మానుకుని కూర్చోవడం కాదు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను ఊళ్ళోంచి వెళ్ళగొట్టాలని అజరయ్య బోధించారు. జ్వరం వస్తే ప్రార్థనా చేయాలి, డాక్టరు దగ్గరకూ వెళ్ళాలి. అప్పుచేసి నలుగురిలో గొప్పగా కానుక వేయడం, కూలివాడికి ఇవ్వవలసింది ఎగవేసి గుడిలో హుండీ నింపడం దేవునికి మొదటి స్థానం ఇచ్చినట్లు కానేకాదు.

మానుకోట ప్రాంతపు మిర్చి రైతుకు ఈ మాట బాగా తెలుసు. ప్రార్థిస్తే మార్కెట్లో ధర పెరుగుతుందని సువార్త ఎక్కడా చెప్పలేదు. ధర పడిపోయిన ఏడాది కూడా తాగుడుకో పురుగుమందు డబ్బాకో లొంగకుండా నిలబెట్టేదే విశ్వాసం.

గనిలోనూ, పొలంలోనూ

భూపాలపల్లి బొగ్గుగనుల్లో ఈ పరీక్ష మరో రకంగా వస్తుంది. ఆదివారం ప్లేడేకు వెళ్తే రెట్టింపు వేతనం. పిల్లల ఫీజు కట్టవలసిన నెలలో ఆ మస్టరు వదులుకోవడం చిన్న విషయం కాదు. వెళ్ళక తప్పనివాడిని తప్పుపట్టడం సులువే. అయితే షిఫ్టుకు బయలుదేరేముందు ఇంటిల్లిపాదితో అయిదు నిమిషాలు ప్రార్థనకు కూర్చునేవాడు కూడా తన గుప్పెడు తాను తీసి పెట్టినట్లే.

జనగామ వైపు పనిచేసింది బాప్టిస్టు మిషన్. ప్రెస్టన్ పేరిట నడిచిన బడి ఆనాటిదే. మిషన్లు వేరైనా తొలి పంట దేవునిదన్న మాట మాత్రం రెండు చోట్లా ఒకటే.

కాలం మారింది. 2025 ఉగాది నుంచి రేషన్ షాపులో సన్నబియ్యం ఇస్తున్నారు. కానుకలు కవర్లలోకి, సెల్‌ఫోన్లలోకి మారుతున్నాయి. అందులో తప్పేమీ లేదు. జీతం రాగానే, ధాన్యం డబ్బు పడగానే మొదట ఎవరి వాటా తీస్తున్నామన్నదే ముఖ్యం. అప్పులవాడిది, బెల్టుషాపుది తీశాక చూద్దామనుకుంటే దేవునికీ, బిడ్డల చదువుకీ కూడా మిగిలేది ఖాళీ కుండే.