పైన వేలాడుతోంది... ఎవరు కట్టారు?

"ఏమే, వీడు పందిళ్లు కట్టుకుని బతుకుతాడట!" ఫోన్లో మా అక్క గొంతు పూడుకుపోయింది.

వీడంటే మా అక్క రెండో కొడుకు. డిగ్రీ అయి ఏడాదైంది. స్నేహితుడి వెంట హైదరాబాద్‌లో ఏదో సినిమా ఫంక్షన్‌కి పనికి వెళ్లాడు. లైట్లు, స్పీకర్లు, పెద్ద పెద్ద తెరలు పైకెత్తి వేలాడదీసే పని చూసి మనసు పారేసుకున్నాడు. ఆ పనిని రిగ్గింగ్ అంటారట, చేసేవాణ్ని రిగ్గర్ అంటారట. "పిన్నీ, అమ్మకి నువ్వే నచ్చజెప్పాలి" అని నా మీద రాయబారం పెట్టాడు.

చెప్పొద్దూ, నాకూ గుండె గుభేలుమంది. పోయినేడు మా ఆడపడుచు కూతురి పెళ్లి ఓ ఫంక్షన్ హాల్లో జరిగింది. మంటపం మీద పూలతో, బల్బులతో బండిచక్రమంత గుత్తి ఒకటి కట్టారు. కట్టినవాడికి పద్దెనిమిదేళ్లుంటాయేమో. కాళ్లకి హవాయి చెప్పులు, నడుముకి బెల్టు లేదు. ఇనుప పైపు మీద నిలబడి బైండింగ్ వైరు మెలితిప్పుతున్నాడు.

"బాబూ, గట్టిగా కట్టావా?" అని కిందినుంచి అడిగాను.

"ఏం కాదులెండమ్మా!"

నిజంగానే ఏమీ కాలేదు. కానీ జీలకర్ర బెల్లం పెట్టే వేళ అందరూ వధూవరుల్ని చూస్తుంటే, నేను మాత్రం ఫ్యాను గాలికి ఊగుతున్న ఆ గుత్తినే చూస్తూ కూచున్నాను. దాని బరువెంతో ఆ హాల్లో ఒక్కరికీ తెలీదు. కట్టినవాడికీ తెలీదు.

అన్నిచోట్లా మన అదృష్టం అలాగే ఉండదు. 2024 జనవరిలో హైదరాబాద్ శివార్లలోని ఒక ఫిల్మ్ సిటీలో ఒక కంపెనీ వేడుక జరిగింది. కంపెనీ పెద్దల్ని ఇనుప బోనులో నిలబెట్టి పైనుంచి వేదిక మీదికి దింపుతుంటే ఒకవైపు కట్టు తెగిపోయింది. కంపెనీ అధిపతి ప్రాణాలు పోయాయి. 2011 ఆగస్టులో అమెరికాలోని ఇండియానా రాష్ట్ర సంతలో పాట కచేరీ మొదలవబోతుండగా పెనుగాలి వీచి వేదిక కప్పు జనం మీద కూలింది. ఏడుగురు చనిపోయారు. ఆ కప్పు కదలకుండా లాగి కట్టిన తాళ్లకి, ఆ తాళ్లని పట్టి ఉంచిన కాంక్రీటు దిమ్మలకి అంత గాలిని ఆపే శక్తి లేదని విచారణలో తేలింది.

అందుకే అక్కకి నచ్చజెప్పే ముందు, అసలీ పని ఎలా నేర్పుతారో నేను తెలుసుకుందామనుకున్నాను.

మనకి కొత్త విద్యా?

కాదు. సురభి నాటకాలు చూసినవాళ్లకి తెలుసు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబ నాటక సంస్థలో నారదుడు మేఘాల్లోంచి దిగేవాడు, మాయలూ మంత్రాలూ మన కళ్లెదుటే జరిగేవి. తెర వెనక ఉన్నవి తాళ్లు, కప్పీలు, వాటిని లాగే ఇంటి మనుషుల చేతులే. వాళ్లకి సర్టిఫికెట్లు లేవు. కానీ ఊహ తెలిసినప్పటినుంచీ పక్కన నిలబడి నేర్పే పెద్దలున్నారు.

ఇప్పుడు బరువులు మారాయి. అల్యూమినియం ట్రస్‌లు, చెయిన్ మోటార్లు, గోడంత ఎల్ఈడీ తెరలు... అన్నీ కలిపి టన్నుల్లో లెక్క. కంటి అంచనా చాలదు.

దండెం చెప్పే పాఠం

కొత్తగా చేరినవాళ్లకి ముందు నేర్పేది లెక్కలే. భయపడకండి, మన పెరట్లో లెక్కే అది. బట్టల దండెం తీగలా బిగించి కట్టి చూడండి, తడి దుప్పటి వేయగానే పుటుక్కుమంటుంది. అదే తాడు కాస్త వదులుగా కడితే నిలుస్తుంది. తాడూ అదే, దుప్పటీ అదే. మారిందల్లా వాలు.

వెయ్యి కిలోల బరువుని రెండు తాళ్లతో వేలాడదీశారనుకోండి. రెండూ నిటారుగా ఉంటే తలా 500 కిలోలు మోస్తాయి. రెండూ పక్కలకి ఒరిగి, నేలతో 45 డిగ్రీల కోణంలో ఉంటే తలా 707 కిలోలు. 30 డిగ్రీలైతే ఒక్కో తాడు మీదా పూర్తిగా వెయ్యి కిలోలు! 15 డిగ్రీలకి వచ్చేసరికి 1,900 కిలోలు దాటిపోతుంది. ఈ ఒక్క లెక్క తెలియక "రెండు తాళ్లు కట్టాంగా" అని ధీమాగా ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాతి పాఠం సామాను. బరువెత్తే పాలిస్టర్ పట్టీ మీద ఒక టన్ను అని రాసి ఉంటే, ఏడు టన్నుల వరకూ తెగకుండా తయారుచేయాలని యూరప్ ప్రమాణం చెబుతుంది. ఆ మిగులు మనం వాడుకోవడానికి కాదు. కుదుపులకీ అరుగుదలకీ వదిలేసింది. పట్టీ కోసుకుపోయినా, కాలినా, బరువు రాసిన చీటీ ఊడిపోయినా పక్కన పారేయాల్సిందే. బ్రిటన్‌లో 1998 నాటి నిబంధనల ప్రకారం ఇలాంటి పట్టీలనీ కొక్కేలనీ మామూలుగా ఆర్నెల్లకోసారి నిపుణుడు తనిఖీ చేయాలి.

ఇక ముడులు, షాకిల్ మర సరిగా బిగించడం, పనిముట్లు కింద పడకుండా ఒంటికి తాడుతో కట్టుకోవడం, లేస్తున్న బరువు కింద ఎవరినీ నిలబడనివ్వకపోవడం... ఇవన్నీ నేల మీద ఉండి నేర్చుకునేవే. పైకెక్కేవాడు ఒకడైతే, కిందినుంచి సామాను సరిచూసి అందించేవాడు ఇంకొకడు. కొత్తవాళ్ల చోటు కిందే.

బెల్టు ఒక్కటే చాలదట. జారి బెల్టుకి వేలాడుతూ కదలకుండా ఉండిపోతే కాళ్లలో రక్తం నిలిచిపోయి కొద్ది నిమిషాల్లోనే ప్రమాదం. కాబట్టి మనిషి పైకెక్కకముందే, జారితే ఎవరు, ఎలా దింపాలో తేల్చుకోవాలి.

పరీక్షలున్నాయి

బ్రిటన్‌లో ప్లాసా అనే సంస్థ నేషనల్ రిగ్గింగ్ సర్టిఫికెట్ ఇస్తుంది. అది క్లాసుల్లో కూచుంటే వచ్చేది కాదు. పని తెలిసినవాణ్ని రాతలోనూ చేతలోనూ పరీక్షించి ఇస్తారు. అమెరికాలో ఈటీసీపీ పరీక్షలు 2005లో మొదలయ్యాయి. నాటకశాలల పనికి ఒకటి, పెద్ద కచేరీల పనికి ఒకటి. అవీ అనుభవం ఉన్నవాళ్లకే. ఐదేళ్లకోసారి సర్టిఫికెట్‌ని నిలబెట్టుకోవాలి కూడా.

మరి కొత్తవాళ్ల సంగతి? ఎత్తున తాళ్ల మీద పని చేయడానికి ఐరాటా అనే సంస్థ మూడు స్థాయిల్లో శిక్షణ నడుపుతోంది. మొదటి స్థాయికి పద్దెనిమిదేళ్లు నిండాలి. కనీసం నాలుగు రోజుల శిక్షణ, మర్నాడు పరీక్ష. పరీక్ష పెట్టేది నేర్పిన మాస్టారు కాదు, బయటి మనిషి. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. రెండో స్థాయికి వెళ్లాలంటే ఏడాది గడవాలి, వెయ్యి గంటల పని పుస్తకంలో రాసి చూపాలి. ఈ శిక్షణ కేంద్రాలు మన దేశంలోనూ ఉన్నాయి. అయితే ఇది ఎత్తున క్షేమంగా పనిచేయడం నేర్పుతుంది గానీ మోటార్లు, ట్రస్‌ల పని నేర్పదు. అది విడిగా, అనుభవజ్ఞుల దగ్గర నేర్చుకోవాలి.

ఆడపిల్లలు చేయగలరా అని నాకూ సందేహం వచ్చింది. టన్ను బరువు మగవాడు మాత్రం చేత్తో ఎత్తుతాడా? ఎత్తేది మోటారు. కావలసింది లెక్క, ఓపిక, ఎత్తంటే బెదరని మనసు. విదేశాల్లో ఈ పని చేస్తున్న ఆడవాళ్లున్నారు.

అక్క పెట్టిన షరతులు

ఇవన్నీ చెప్పాక అక్క చాలాసేపు మాట్లాడలేదు. "వద్దంటే మానతాడా? దొంగచాటుగా వెళ్లి చెప్పులతోనే ఎక్కుతాడు. నేర్పించి పంపడమే నయం" అంది చివరికి. మూడు షరతులు పెట్టింది. శిక్షణ లేకుండా పైకెక్కకూడదు. బెల్టు సొంతానిది ఉండాలి, కొనిపెడతాను. బీమా లేని కంపెనీలో చేరకూడదు.

వాడు చేరి మూడు నెలలైంది. మొన్న ఫోన్ చేసి "ఇంకా గొలుసులు తుడవడం, పట్టీలు లెక్కపెట్టడమేనమ్మా, పైకి ఎక్కనివ్వట్లేదు" అని గునిశాడట. ఆ మాట నాకు చెబుతూ అక్క ఎన్నాళ్లకో నవ్వింది.

మనమూ అడగొచ్చు

రేపు మీ ఇంట్లో పెళ్లో, పుట్టినరోజో వస్తుంది. అలంకరణవాళ్లతో పూల రంగులు, రేట్లు మాట్లాడేటప్పుడే ఈ నాలుగూ అడగండి. పైన కట్టేదాని బరువెంత? ఆ బరువు హాలు కప్పు ఆపుతుందని హాలువాళ్లు ఒప్పుకున్నారా? కట్టేది ఎవరు, ఎక్కడ నేర్చుకున్నారు? పైకెక్కే పిల్లాడికి బెల్టు, హెల్మెట్ ఉన్నాయా? బేరంలో నాలుగు వేలు తగ్గించమని పట్టుబట్టే ముందు, వాళ్లు ఆ తగ్గించేది దేంట్లోనో కూడా ఆలోచించండి.

ఆ రోజు పెళ్లిలో నేను "గట్టిగా కట్టావా?" అని అడిగాను. నా భయమంతా కింద ఉన్న మా కోసమే. "నీకు బెల్టేది బాబూ?" అని మాత్రం అడగలేదు. వాడికీ ఎక్కడో ఓ అమ్మ ఉండే ఉంటుంది.