ఆకలియు విప్లవములును

మన పిల్లలు 1789, 1917 అని విప్లవ సంవత్సరములను వల్లించుచుందురు. కారణమేమని యడిగిన ఆకలియని యొక్కమాటతో ముగింతురు. ఆకలి యొక్కటే చాలునా?

1876-78 నాటి ధాత కరువున, అప్పుడు సేలం జిల్లాలోనుండిన మన హోసూరు, కృష్ణగిరి సీమలు అల్లాడినవి. మదరాసు రాజధానిలో లక్షలకొలది జనులు మడిసిరి. కొన్నిచోట్ల ధాన్యపు అంగళ్ళు దోపిడియైనవి; ప్రభుత్వము మాత్రము చెక్కుచెదరలేదు.

ఫ్రాన్సులోనో, 1788లో పంట చెడి రొట్టె వెల పెరుగగా మరుసటి యేడే రాజ్యము కదలెను. అచ్చట నేలపన్ను రైతు మోయుచుండ, ప్రభువులును మతగురువులును చాలవరకు తప్పించుకొనుచుండిరి. పైగా ఖజానా అప్పులపాలై, 1614 తరువాత కూడని ప్రతినిధుల సభను రాజే పిలువవలసివచ్చెను. ఆకలికి నోరు దొరకినది! రష్యాలో 1861న దాస్యము తొలగిన రైతులు తాము దున్నిన భూమికే దశాబ్దములు కిస్తులు కట్టిరి. 1917న యుద్ధము రొట్టెను సైతము కరవు చేసెను.

మనకు దగ్గరిది తెలంగాణము. దేశముఖులు వేల యెకరములు చేజిక్కించుకొని, చాకలి, కుమ్మరి మొదలగువారిచే కూలిలేని వెట్టి చేయించిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున లెవీ ధాన్యమును చిన్నరైతు గాదెనుండి కొలిచిరి. దొర గాదె జోలికి పోవువారరుదు. వర్షము తప్పినచో దైవమును నిందింతుము. పొరుగు గాదెను విడిచి మన గాదె నూడ్చినవానిని కన్నులార చూతుము. పాలకుర్తి ఐలమ్మ తన పంటను విసునూరు దేశముఖు మనుష్యులకు విడువలేదు. ఆంధ్రమహాసభ సంఘములు పల్లెలలో అప్పటికే వేరూనియుండెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులకు బలికాగా పోరాటము రగిలెను. 1949లో జాగీర్లు రద్దయి, 1950లో కౌలుదారీ చట్టము వచ్చెను. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడెను.